కొత్త ఊపిరికి కాపలా మన చేతులే

ఊపిరితిత్తుల మార్పిడి ఆపరేషన్ విజయవంతమైందని డాక్టర్లు చెప్పగానే గండం గడిచిపోయిందనుకుంటాం. నిజానికి అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. ఆసుపత్రి గాలిలో, కుళాయి నీళ్లలో, డాక్టర్ల, నర్సుల, బంధువుల చేతుల మీద పొంచి ఉండే సూక్ష్మజీవుల నుంచి ఆ కొత్త ఊపిరితిత్తులను కాపాడుకోవాలి. ఇందులో ఆసుపత్రి చేయాల్సింది ఎంతుందో, కుటుంబం చేయాల్సిందీ అంతే ఉంది.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే ఫిజీషియన్‌ని. మా ఓపీకి చాలాకాలం వచ్చిన ఒక మాస్టారు ఉన్నారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. మొదట్లో మెట్లెక్కితే ఆయాసం, తర్వాత స్నానానికి వెళ్లొస్తే ఆయాసం, చివరికి కూర్చుని మాట్లాడటానికీ ఆక్సిజన్ కావాల్సి వచ్చింది. మందులతో లాభం లేదని తేలాక హైదరాబాద్‌కు పంపాను. జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదైంది. నెలల తరబడి ఎదురుచూశాక ఒకరోజు రాత్రి ఫోనొచ్చింది. రెండు ఊపిరితిత్తులూ మార్చారు.

పన్నెండో రోజున ఆయన్ని చూడటానికి వెళ్లాను. అప్పటికి విడిగా ఓ గదిలో ఉంచారు. తలుపు దగ్గర చేతులు శుభ్రం చేసుకున్నాను. గౌను, మాస్కు వేసుకున్నాను. లోపలికి అడుగుపెట్టగానే జేబులో ఫోన్ మోగింది. తీసి, సైలెంట్‌లో పెట్టి, మళ్లీ జేబులో వేసుకుని, మాస్టారి చెయ్యి పట్టుకోబోయాను. ఆయన భార్య మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డారు.

‘‘సార్, ఏమీ అనుకోకండి. మీరు ఫోన్ ముట్టుకున్నారు. మళ్లీ చేతులు కడుక్కోండి’’ అన్నారు.

దాచడం ఎందుకు? ఒక్క క్షణం నాకు చిన్నతనంగానే అనిపించింది. ఇరవై ఏళ్లుగా వైద్యం చేస్తున్నవాడికి చేతులు కడుక్కోమని చెప్పాలా అనుకున్నాను. మరుక్షణమే సిగ్గేసింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పొద్దున మా వార్డులో రౌండ్స్ చేస్తూ మాట్లాడిన ఫోన్ అది. ఆ వార్డులో ఉన్న క్రిములు దాని మీద ఉండవని నేను పూచీ ఇవ్వగలనా? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తల్లి చెప్పిన ఆ ఒక్క మాటే.

మిగతా అవయవాలకూ, దీనికీ తేడా ఏమిటి?

కిడ్నీ, కాలేయం, గుండె... ఇవన్నీ మార్చాక శరీరం లోపల మూసిన గదిలో ఉన్నట్టు ఉంటాయి. ఊపిరితిత్తుల సంగతి అలా కాదు. వాటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మనం రోజుకు దాదాపు 10 వేల లీటర్ల గాలి పీల్చి వదులుతాం. ఆ గాలితోపాటే దుమ్ము, బూజు రేణువులు, బ్యాక్టీరియా, వైరస్‌లు కూడా లోపలికి వెళ్తుంటాయి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో వీటిని ఎప్పటికప్పుడు బయటికి తోసేసే ఏర్పాట్లు ఉంటాయి. మార్పిడి చేసినప్పుడు ఆ ఏర్పాట్లన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

ఒకటి, దగ్గు. గొంతులోకి చిన్న మెతుకు పోయినా మనకు దగ్గొస్తుంది. ఆ కబురు మెదడుకు చేరవేసేది నరాలు. కొత్త ఊపిరితిత్తిని అతికించేటప్పుడు రక్తనాళాలనూ, శ్వాసనాళాన్నీ కలపగలం గానీ తెగిన నరాలను కలపలేం. దాంతో అతుకు కింది భాగంలో తెమడ పేరుకున్నా రోగికి దగ్గాలని అనిపించదు.

రెండు, శ్వాసనాళాల్లోని సన్నటి నూగు. ఇది నిరంతరం కదులుతూ తెమడను చీపురుతో ఊడ్చినట్టు పైకి నెడుతుంది. ఆపరేషన్ తర్వాత కొంతకాలం ఈ ఊడ్పు సరిగా సాగదు.

మూడు, అతుకు దగ్గర రక్తసరఫరా. శ్వాసనాళానికి రక్తం తెచ్చే చిన్న ధమనులను చాలాచోట్ల తిరిగి కలపరు. కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చేదాకా అతుకు బలహీనంగా ఉంటుంది. బ్యాక్టీరియాకూ, ఫంగస్‌కూ అది అనువైన చోటు.

నాలుగు, అన్నిటికన్నా పెద్దది, మనం ఇచ్చే మందులే. కొత్త ఊపిరితిత్తిని శరీరం పరాయిదిగా భావించి దాడి చేయకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ వంటి మందులు జీవితాంతం వాడాలి. ఇవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. దొంగను పట్టుకునే పోలీసును మనమే ఇంట్లో కూర్చోబెట్టినట్టు. తప్పదు. మందు ఆపితే శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది.

దీనికి తోడు దాత పరిస్థితి కూడా ఉంటుంది. బ్రెయిన్ డెడ్ అయిన దాత అప్పటికే వెంటిలేటర్ మీద ఉంటారు కాబట్టి వారి ఊపిరితిత్తుల్లోనే క్రిములు చేరి ఉండొచ్చు. అందుకే దాత శ్వాసనాళం నుంచి నమూనా తీసి కల్చర్ పరీక్షకు పంపుతారు. ఏం పెరిగిందో చూసి దానికి తగ్గ యాంటీబయాటిక్‌ను గ్రహీతకు ఇస్తారు.

ఈ చికిత్స చరిత్రే ఇన్‌ఫెక్షన్లతో పోరాటం. మనిషికి తొలిసారి ఊపిరితిత్తిని మార్చింది 1963లో, అమెరికాలోని మిసిసిపీలో. డాక్టర్ జేమ్స్ హార్డీ చేసిన ఆ ఆపరేషన్ తర్వాత రోగి 18 రోజులు జీవించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు జరిగిన ప్రయత్నాల్లో ఎక్కువమందిని బలితీసుకున్నవి ఇన్‌ఫెక్షన్, తిరస్కరణ, అతుకు ఊడిపోవడం. 1983లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం చేసిన మార్పిడితోనే రోగి ఏళ్ల తరబడి బతకడం సాధ్యమైంది. ఇవాళ్టికీ ఆపరేషన్ జరిగిన నెల తర్వాత నుంచి ఏడాది లోపు సంభవించే మరణాల్లో ఇన్‌ఫెక్షన్లదే ప్రధాన వాటా.

ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ అంటే...

ఆసుపత్రిలో చేరేటప్పటికి లేని ఇన్‌ఫెక్షన్, చేరిన 48 గంటల తర్వాత బయటపడితే దాన్ని ఆసుపత్రిలో సోకినదిగా లెక్కిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, మనలాంటి మధ్యాదాయ, పేద దేశాల్లో 15 మందికి కనీసం ఒక్క ఇన్‌ఫెక్షన్ అయినా సోకుతోంది. అలా సోకినవారిలో సగటున పది మందికి ఒకరు ప్రాణాలు కోల్పోతున్నారు. ఇవి అన్నిరకాల రోగులకూ కలిపి వేసిన లెక్కలు. రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచినవారికి ముప్పు ఇంకెంతో ఊహించుకోవచ్చు.

ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే ప్రతిసారీ ఎవరో నిర్లక్ష్యం చేశారని కాదు. ఐసీయూలో రోగికి గొంతులో శ్వాస గొట్టం, మెడ దగ్గర పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్, మూత్రానికి క్యాథెటర్, ఛాతీలో డ్రెయిన్లు ఉంటాయి. ప్రాణం నిలిపేవి అవే. క్రిములకు దారి ఇచ్చేవీ అవే. అందుకే మంచి బృందం రోజూ పొద్దున వేసుకునే ప్రశ్న ఒకటుంది: ‘‘ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమా?’’ అవసరం లేదనిపించిన రోజే తీసేస్తారు.

మన ఐసీయూల్లో ఎక్కువగా భయపెట్టేవి క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలు. వీటిలో చాలావాటికి మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయవు. కార్బపెనెమ్ అనే శక్తిమంతమైన మందులకూ లొంగని ఎసినెటోబ్యాక్టర్‌ను, క్లెబ్సియెల్లా కుటుంబాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన జాబితాలో అత్యంత ప్రమాదకరమైన వర్గంలో చేర్చింది.

మార్పిడి తర్వాత ముప్పు ఒక క్రమంలో వస్తుంది. మొదటి నెలలో ఎక్కువగా ఈ ఆసుపత్రి బ్యాక్టీరియాలే. ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా సైటోమెగలో అనే వైరస్, ఆస్పర్‌జిల్లస్ వంటి ఫంగస్‌లు, న్యూమోసిస్టిస్ న్యుమోనియా. వీటిని అడ్డుకోవడానికే వాల్‌గాన్‌సైక్లోవిర్, కోట్రైమాక్సజోల్, ఫంగస్ నివారణ మందులు ముందుజాగ్రత్తగా ఇస్తారు. ఆ తర్వాత ఊళ్లో అందరికీ వచ్చే జలుబు, ఫ్లూ, న్యుమోనియాలు. మన దేశంలో వీటికి టీబీని కూడా కలుపుకోవాలి.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరిస్తున్నా లక్షణాలు దాదాపు ఒకటే: ఆయాసం, ఆక్సిజన్ తగ్గడం, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలు. చికిత్సలు మాత్రం ఎదురెదురు. ఇన్‌ఫెక్షన్ అయితే రోగనిరోధక శక్తిని కాస్త లేవనివ్వాలి. తిరస్కరణ అయితే ఇంకా అణచాలి. అందుకే బ్రాంకోస్కోపీ చేసి, లోపలి నుంచి నీటి నమూనా, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ‘‘మళ్లీ మళ్లీ ఆ గొట్టం ఎందుకు వేస్తున్నారు?’’ అని విసుక్కునే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

కుళాయి నీళ్లు చెప్పిన పాఠం

అమెరికాలో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీ ఆసుపత్రి పేరున్న ఊపిరితిత్తుల మార్పిడి కేంద్రం. అక్కడ 2013లో కొత్త భవనం ప్రారంభించాక మైకోబ్యాక్టీరియం ఆబ్సెసస్ అనే క్రిమి కేసులు ఉన్నట్టుండి పెరిగాయి. ఇది టీబీ క్రిమికి దాయాది లాంటిది. మందులకు మహా మొండిది. నాలుగైదు రకాల మందులు కలిపి నెలల తరబడి ఇవ్వాల్సి వస్తుంది. సోకినవారిలో ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవాళ్లే ఎక్కువమంది.

వైద్యులు మూలం కోసం వెతికారు. చివరికి దొరికింది కుళాయి నీళ్లలో. కొత్త భవనం పైపుల్లో నీటి ప్రవాహం తక్కువగా ఉండటంతో క్రిమి అక్కడ పెరిగింది. మనకు, మీకు ఆ నీళ్లు తాగినా ఏమీ కాదు. ఆపరేషన్ జరిగి, నోట్లోనో ముక్కులోనో గొట్టం ఉన్న రోగికి ఆ నీళ్లతో నోరు శుభ్రం చేసినా, గొట్టం కడిగినా క్రిమి నేరుగా లోపలికి చేరే అవకాశం ఉంటుంది.

పరిష్కారం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఊపిరితిత్తుల మార్పిడి రోగుల దగ్గర కుళాయి నీళ్లు వాడటం ఆపేసి, స్టెరైల్ నీళ్లు వాడటం మొదలుపెట్టారు. కేసులు మళ్లీ పాత స్థాయికి తగ్గాయి. ఆ ఆసుపత్రి వైద్యులు దీన్ని దాచిపెట్టలేదు. పరిశోధన పత్రంగా ప్రచురించారు. దానివల్ల ప్రపంచంలో మిగతా కేంద్రాలకూ ఈ జాగ్రత్త తెలిసింది.

అంత పెద్ద ఆసుపత్రిలోనే నీళ్ల విషయం ఇలా ఉంటే, వార్డులో రోగి పక్కన మనం మూత తీసి పెట్టే బిందె, చెంబు, ఇరవై లీటర్ల క్యాను సంగతి ఆలోచించండి.

గాలిలో బూజు

ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ లేని చోటు లేదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, తడిసిన గోడల మీద ఉంటుంది. దాని రేణువులు రెండు మూడు మైక్రాన్ల పరిమాణంలో ఉండి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. ఆసుపత్రిలో గోడ పగలగొట్టినా, టైల్స్ మార్చినా ఈ రేణువులు విపరీతంగా లేస్తాయి. అందుకే మార్పిడి రోగులను ఉంచే గదుల్లో హెపా ఫిల్టర్లు వాడతారు. ఇవి 0.3 మైక్రాన్ల రేణువులను కూడా 99.97 శాతం మేర ఆపగలవు. అయితే గది తలుపు ఊరికే తీస్తూ, మూస్తూ ఉంటే ఎంత మంచి ఫిల్టరైనా ఏం చేస్తుంది? ఒక్కసారి చూసి వెళ్లిపోతామంటూ పదిమంది పది సార్లు తలుపు తీస్తే జరిగేది అదే.

పూలబొకేలు, కుండీలోని మొక్కలు రోగి గదిలోకి తేవద్దనేది కూడా ఇందుకే. కుండీ మట్టిలో ఫంగస్, పూలు పెట్టిన నీళ్లలో సూడోమోనాస్ పెరుగుతాయి.

అసలు వాహనం చెయ్యి

గాలి, నీళ్లు అలా ఉంచితే, ఒక రోగి నుంచి మరో రోగికి క్రిములను ఎక్కువగా మోసుకెళ్లేది చేతులే. డాక్టరు చేతులు, నర్సు చేతులు, ఆయా చేతులు, మన చేతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రి సిబ్బందికి ఐదు సందర్భాలు చెప్పింది: రోగిని తాకే ముందు, గొట్టాలు, గాయాల వంటి శుభ్రమైన పని చేసే ముందు, రక్తం, తెమడ, మూత్రం వంటివి తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న మంచం, టేబుల్, పరికరాలు తాకాక.

ఆల్కహాల్ హ్యాండ్‌రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు చేతులన్నీ తడిసేలా రుద్దాలి. సబ్బూ నీళ్లూ అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. చేతికి మురికి కనిపిస్తున్నా, రోగికి విరేచనాలు అవుతున్నా సబ్బు నీళ్లే వాడాలి. కొన్నిరకాల విరేచనాలకు కారణమయ్యే క్రిముల బీజాలు ఆల్కహాల్‌తో చావవు. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని కడుక్కోవడం మానకూడదు. గ్లవ్స్ తొడిగిన చేత్తో ఫోన్ పట్టుకుని, అదే చేత్తో రోగిని ముట్టుకుంటే గ్లవ్స్ ఉన్నా లేనట్టే. ఉంగరాలు, గాజులు, వాచీ, చేతికి కట్టుకున్న దారాల కింద తడి, మురికి నిలుస్తాయి. వీలైతే తీసి వెళ్లండి.

కుటుంబం ఏం చేయాలి?

మన ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ అయితే చూడటానికి వెళ్లకపోవడం తప్పు. ‘‘ఫోన్ అయినా చేయలేదు, కనీసం వచ్చి చూడలేదు’’ అని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. ఈ మర్యాదే మార్పిడి రోగికి ముప్పు. వెళ్లకపోవడమే ఇక్కడ ప్రేమ. వీడియో కాల్ చేయండి. ఆసుపత్రి కింద కూర్చున్నవాళ్లకు అన్నం క్యారియర్ పంపండి. రక్తం అవసరమైతే దానం చేయండి. పిల్లల్ని మీ ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి. అదీ పరామర్శే.

రోగి దగ్గర ఉండేది ఒకరో ఇద్దరో, ముందే నిర్ణయించుకోండి. వాళ్లు పూర్తి ఆరోగ్యంగా ఉండాలి. ముక్కు కారుతున్నా, గొంతు గరగరమన్నా, విరేచనాలు అవుతున్నా ఆ రోజు మరొకరు రావాలి. రోగి మంచం మీద కూర్చోకూడదు. బ్యాగు, హెల్మెట్, క్యారియర్ మంచం మీద పెట్టకూడదు. ఫోన్‌ను రోజూ ఆల్కహాల్ తుడుపుతో తుడవాలి. ఐసీయూలో గొట్టాలు సరిచేయడం, డ్రెస్సింగ్ కదిలించడం మీరు చేయొద్దు. సిస్టర్‌ను పిలవండి.

రోగిని కదిలించడంలో మాత్రం మీ సాయం చాలా అవసరం. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, రోజూ నోటి శుభ్రత, డాక్టర్లు సరేనన్న నాటి నుంచి కూర్చోబెట్టడం, నడిపించడం, ఫిజియోథెరపిస్ట్ నేర్పినట్టు గట్టిగా దగ్గించడం... ఇవన్నీ న్యుమోనియాను తగ్గిస్తాయి. దగ్గు దానంతట అది రాదని చెప్పాను కదా. ‘‘పాపం నొప్పిగా ఉంది, పడుకోనివ్వండి’’ అని జాలిపడితే తెమడ లోపలే నిలిచిపోతుంది. నొప్పికి మందు ఉంది. దగ్గించడం ఆపొద్దు.

ఆసుపత్రిని ఎంచుకునే ముందు మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్నున్నాయి. మార్పిడి రోగులకు విడి గదులు, హెపా ఫిల్టర్లు ఉన్నాయా? ఇన్‌ఫెక్షన్ నివారణకు ప్రత్యేక నర్సు, కమిటీ ఉన్నాయా? ఇన్‌ఫెక్షన్ల లెక్క రాస్తారా? నోటి శుభ్రతకు, నెబ్యులైజర్‌కు ఏ నీళ్లు వాడతారు? ఈ ప్రశ్నలకు చిరాకుపడకుండా జవాబు చెప్పే చోట పని కూడా శ్రద్ధగా జరుగుతుందని నా అనుభవం.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ అయ్యాక ఆసుపత్రి క్రిములు కొన్ని రోగితోపాటు ఇంటికి రావచ్చు. ఇంట్లో కొత్తవి ఎదురుచూస్తుంటాయి. అందుకే ఈ జాగ్రత్తలు.

నీళ్లు బాగా మరిగించి చల్లార్చి, మూతపెట్టిన పాత్రలో ఉంచి ఇవ్వండి. నెబ్యులైజర్ వంటి పరికరాలను కుళాయి నీళ్లతో కడిగి అలాగే వాడొద్దు. ఆసుపత్రిలో చెప్పిన పద్ధతిలో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. వేసవిలో ఎయిర్ కూలర్ వద్దు. నిలవ నీళ్లలో న్యుమోనియా తెచ్చే క్రిములు పెరుగుతాయి.

అన్నం వేడివేడిగా, అప్పుడే వండినది పెట్టండి. కాచని పాలు, సరిగా ఉడకని గుడ్లు, మాంసం, మొలకలు, బండి మీద పచ్చళ్లు, కోసి పెట్టిన పండ్లు వద్దు. గుడిలో తీర్థం ఇస్తే దణ్ణం పెట్టుకుని ఊరుకోండి, తాగొద్దు. ఇంకొకటి చాలామందికి తెలియదు. వినాయకచవితికి తెచ్చే పంపరపనస, దాని జాతికే చెందిన గ్రేప్‌ఫ్రూట్ టాక్రోలిమస్ మందును రక్తంలో ప్రమాదకర స్థాయికి పెంచగలవు. పూజలో పెట్టండి గానీ రోగికి పెట్టొద్దు.

బాల్కనీలో పావురాలు గూడు పెడితే వాటి రెట్టను రోగి శుభ్రం చేయకూడదు. ఆ సమయంలో దగ్గర కూడా ఉండకూడదు. అసలు పావురాల రెట్ట, ఈకల వల్లే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడి మార్పిడి దాకా వస్తుంది. తులసికోటలో మట్టి తవ్వడం, అటక మీద పాత సామాన్లు దులపడం, ఇంటికి సున్నం వేయించడం వంటి దుమ్ము పనులకూ రోగి దూరంగా ఉండాలి. వీధిలో ఇల్లు కూలగొడుతుంటే కిటికీలు మూసేయండి. బయటికి వెళ్లేటప్పుడు మాస్కు తప్పనిసరి.

టీకాల విషయం. ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మంచిది. రోగికి మాత్రం బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు వేయకూడదు. ఇంట్లో పసిపిల్లలుంటే టీకాలు మానొద్దు. కానీ పోలియో చుక్కలు వేయించే ముందు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు ఒక మాట చెప్పండి.

మెడికల్ షాపులో అడిగి మందులు కొనడం పూర్తిగా మానాలి. దగ్గుకు వాడే క్లారిత్రోమైసిన్, కొన్ని ఫంగస్ మందులు టాక్రోలిమస్ స్థాయిని పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. జ్వరం వచ్చి దగ్గర్లోని ఏ ఆసుపత్రికి వెళ్లినా మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘‘వీరికి ఊపిరితిత్తుల మార్పిడి జరిగింది’’ అనే ఉండాలి. మందుల చీటీ, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఫోన్ నంబరు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

- జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకుమించి
- దగ్గు పెరగడం, తెమడ రంగు మారడం, తెమడలో రక్తం
- మొన్నటిదాకా నడిచిన దూరం ఇవాళ ఆయాసంతో నడవలేకపోవడం
- ఆక్సిజన్ రీడింగ్ మామూలుకన్నా తగ్గడం
- ఇంట్లో ఊదే స్పైరోమీటర్ రీడింగ్ 10 శాతం లేదా అంతకుమించి తగ్గడం, మర్నాడూ అలాగే ఉండటం
- కుట్ల దగ్గర ఎరుపు, చీము
- కారణం లేకుండా నీరసం, అయోమయంగా మాట్లాడటం

స్టెరాయిడ్లు వాడేవారిలో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి ‘‘జ్వరం లేదు కదా, రేపు చూద్దాం’’ అనుకోవద్దు.

ఇది మనందరి సంగతి

‘‘మా ఇంట్లో ఎవరికీ మార్పిడి జరగలేదు, మాకెందుకు ఇదంతా?’’ అని మీరు అడగొచ్చు. ఐసీయూలో మందులకు లొంగని క్రిములు అక్కడే పుట్టినవి కావు. జలుబుకు ఓ కోర్సు, ఒళ్లు నొప్పులకు ఓ కోర్సు, తగ్గగానే సగంలో ఆపేసిన ఓ కోర్సు... మనం అనవసరంగా మింగిన ప్రతి యాంటీబయాటిక్ వాటికి శిక్షణ ఇచ్చింది. మందు పట్టీ మీద నిలువుగా ఎర్రటి గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఈ ఎర్ర గీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. ఆ గీతను గౌరవించడం మీ ఇంటి నుంచి మొదలుకావాలి. ఎందుకంటే రేపు ఐసీయూలో ఉండేది మన ఇంటి మనిషే కావచ్చు.

ఇంకో మాట. ఆ ఊపిరితిత్తులు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. ఎవరో ఒక కుటుంబం, కడుపుకోత పడుతున్న వేళ, ఏడుస్తూనే సంతకం చేస్తే వచ్చాయి. దాతల్లో కిడ్నీలు పనికొచ్చినంత తరచుగా ఊపిరితిత్తులు పనికిరావు. అంత అరుదైన దానాన్ని, కడగని చెయ్యి ఒకటి వృథా చేయడం ఎంత అన్యాయం!

మాస్టారి విషయం చెప్పి ముగిస్తాను. ఆయన భార్య అంత జాగ్రత్తగా కాపలా కాసినా మూడో వారంలో న్యుమోనియా వచ్చింది. కల్చర్‌లో క్లెబ్సియెల్లా పెరిగింది. జాగ్రత్త పడితే ముప్పు తగ్గుతుంది గానీ సున్నా కాదు. ఆ సంగతి నిజాయతీగా చెప్పాలి. కానీ ఆమె రోజూ స్పైరోమీటర్ అంకెలు నోటు పుస్తకంలో రాసుకునేవారు. అంకె తగ్గిన మొదటి రోజే డాక్టర్‌కు చూపించారు. అప్పటికి జ్వరం లేదు. వెంటనే చికిత్స మొదలైంది. ఇంకో మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. ఇప్పుడు సాయంత్రాలు మాస్కు పెట్టుకుని వీధి చివరిదాకా నడిచి వస్తున్నారు.

ఆ రోజు తర్వాత మా వార్డులో నేనొక అలవాటు చేసుకున్నాను. రౌండ్స్ మొదలుపెట్టేటప్పుడు అటెండెంట్లతో ఒక మాట చెబుతాను: ‘‘నేను చేతులు శుభ్రం చేసుకోకుండా మీ మనిషిని ముట్టుకోబోతే ఆపండి. నేను ఏమీ అనుకోను.’’ మొదట్లో ఎవరూ ఆపలేదు. డాక్టర్‌ను ఆపడమా అని భయం. ఈ మధ్య ఒక ముసలమ్మ ఆపింది. ‘‘చేతులు, బాబూ!’’ అంది. పక్క మంచాలవాళ్లు నవ్వారు. నేను కడుక్కున్నాను.

రేపు మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఎవరి మంచం పక్కన నిలబడినా ఇది గుర్తుంచుకోండి. ముందు మీ చేతులు కడుక్కోండి. తర్వాత మా చేతుల గురించి అడగండి. అడిగినందుకు కోప్పడే డాక్టర్ ఎవరైనా ఉంటే, ఆ కోపం నాకూ ఒక క్షణం వచ్చిందనీ, తర్వాత తగ్గిపోయిందనీ చెప్పండి.